కమాన్ పట్టీతో పనసపొట్టు కత్తి: నా అనుభవం

మా ఇంట్లో పనసపొట్టు కత్తి వయసు నా వయసు కంటే ఎక్కువ. మాఘమాసం దాటేసరికి నాన్నగారు పెరట్లో చెట్టు నుంచి లేత కాయ కోయించి, అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, చేతులకీ కత్తికీ నూనె పట్టించి పొట్టు కొట్టడానికి కూర్చునేవారు. కొట్టడం అంటే తరగడం కాదు. చెక్కు తీసిన కాయని ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో దగ్గర దగ్గరగా గాట్లు పెడుతూ, ఆ గాట్ల మీద నుంచి సన్నగా రాలేలా చెక్కుకుంటూ పోవాలి. కోనసీమలో ఇది రాని ఇల్లుండదు అనేవారు ఒకప్పుడు, ఇప్పుడు అందరూ బజార్లో కొట్టించి కవర్లో తెచ్చుకుంటున్నారనుకోండి. ఆ పనికి కత్తి వెన్ను బరువుగా ఉండాలి, అంచు పల్చగా ఉండాలి, రెండూ ఒకే కత్తిలో కుదరాలి. మా కత్తి నూరి నూరి సగానికి అరిగిపోయి, పోయినేడు సరిగ్గా పిడి దగ్గర పుటుక్కున విరిగింది. అమలాపురంలో కొత్తది కొన్నాం. మూడో కాయకి దాని అంచు ఒక పక్కకి మడత పడిపోయింది, రేకు ముక్కలా.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతత్వం కోల్పోతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, కళ్ళతో ఒక్కసారీ చూడలేదు. వేసవి సెలవులు వచ్చాయి, వీడియోలు ఓ పాతిక చూశాను, చేసేద్దాం అనుకున్నాను. మా ఆయన మాత్రం, ముందు కత్తి కోసం లైసెన్సు ఏమైనా కావాలేమో చూడు అన్నారు. చూశాను. 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల నిబంధనల్లో పెట్టారు గానీ, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసేవాటిని అందులోంచి తీసేశారు. నాది 8 అంగుళాలే, అదీ పనసకాయ మీదకి. ఆ గొడవ అక్కడితో తీరింది.

సామాను కోసం రావులపాలెం వెళ్ళాం. హైవే పక్కన పాత ఇనుప సామాన్ల కొట్టులో తూకానికి కొన్నవి ఇవి: లారీ బ్రేక్ డ్రమ్ము ఒకటి, లారీ కమాన్ పట్టీ (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీ) ముక్క ఒకటి, అరిగిపోయిన ఆకురాళ్ళు (ఇనుము అరగదీసే గరుకు ఉక్కు బద్దలు) నాలుగు, పెద్ద బేరింగు ఒకటి, ఒక సమ్మెట తల. రైలు పట్టా ముక్క దొరికితే కింద దిమ్మగా బాగుంటుందని అడిగాను, ఎందుకంటే వీడియోల్లో అందరూ అదే వాడతారు. కొట్టాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి "రైల్వే సామాను మా దగ్గర ఉంటే కేసండి మేడంగారూ" అన్నాడు. నిజమే, 1966 నుంచీ దానికో చట్టం ఉంది. అందుకని 8 కిలోల సమ్మెట తలనే చింత మొద్దులో తొలిచి, పైకి అరచెయ్యంత మొహం కనిపించేలా దిగ్గొట్టించాను. చిన్నదే, కానీ పని జరిగింది. కమ్మర్లు ఆ దిమ్మని దాగలి అంటారు.

కొలిమి బ్రేక్ డ్రమ్ముతో. అడుగున కన్నంలోంచి గాలి వెళ్ళడానికి పైపు బిగించాలి. ఇంట్లో మోటారుకి మిగిలిన జీఐ పైపు ముక్క ఉంది కదా అని తీసుకెళ్తే, వెల్డింగ్ షాపు కుర్రాడు దాన్ని పక్కన పడేసి మామూలు నల్ల పైపు పెట్టాడు. జీఐ మీద జింకు పూత ఉంటుంది, అది కాలితే వచ్చే పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. తుక్కు సామానుతో పనిచేసేవాళ్ళు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. తెల్లగా మెరుస్తూ పూత ఉన్న ఇనుము ఏదీ కొలిమిలోకి పోకూడదు. గాలికి మొదట మా అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ పెట్టాను, ఇరవై నిమిషాల్లో దాని మూతి కరిగిపోయింది (దాని బాకీ ఇంకా తీరలేదు). తర్వాత చేత్తో తిప్పే బ్లోయర్ కొన్నాం. బొగ్గుకి మాత్రం మాకు కొదవ లేదు, కొబ్బరి చిప్ప బొగ్గు అడిగినంత దొరుకుతుంది. పొగ దాదాపు ఉండదు, వేడి విపరీతం. చిప్పలు నేరుగా వేసి చూశాను ఒకరోజు, వీధి వీధంతా దగ్గింది.

ఇక మొదటి కత్తి. సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. కమాన్ పట్టీ 12 మిల్లీమీటర్ల మందం, రెండ్రోజులు కొట్టినా వంగలేదు సరికదా నా భుజం పడిపోయింది. దాన్ని పక్కన పెట్టి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టీఎంటీ కడ్డీ తీశాను. అబ్బ, ఎంత బాగా సాగిందో! సాయంత్రానికల్లా కత్తి ఆకారం వచ్చేసింది, ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపేశాను. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి, ఆకురాయితో గీస్తే వెన్న మీద గీసినట్టు దిగింది. టీఎంటీలో కార్బన్ 0.3 శాతం లోపే. ఫ్యాక్టరీలో వేడి కడ్డీ మీద నీళ్ళు కొట్టి పైపొరని గట్టిపరుస్తారు, నేను దాన్ని మళ్ళీ కాల్చి ఆ గట్టిదనాన్ని కూడా తీసేశాను. మిగిలింది కత్తి ఆకారంలో ఉన్న మేకు. సులువుగా సాగినప్పుడే అనుమానపడాల్సింది.

అప్పుడు వెళ్ళాను మా ఊరి కమ్మరి తాతగారి దగ్గరికి. మా ఊళ్ళో ఒకే ఒక్క కొలిమి మిగిలింది, అదీ రోజూ వెలగదు. నా చిన్నప్పుడు కోతలొస్తే ఆ పాక ముందు కొడవళ్ళకి కక్కు వేయించుకోవడానికి వరసలో నిలబడేవాళ్ళు. కోత మిషన్లు వచ్చాక కొడవలి పని పోయింది. ఇప్పుడు కొబ్బరికాయలు ఒలిచే గునపాలు, దింపువాళ్ళ కత్తులు, అంతే. నేను చేసిన టీఎంటీ కత్తి చూపిస్తే ఆయన దాన్ని చేత్తో పట్టుకోను కూడా లేదు.

"అమ్మాయ్, ఇది దేంతో చేశావు?"

"కడ్డీతో, తాతగారూ."

"కడ్డీతో ఇల్లు కట్టుకోవాలి."

అంతే అన్నారు. మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని మా ఇంటికొచ్చి సామానంతా కింద పోయించి, గ్రైండర్ పెట్టమన్నారు. ఒక్కో ముక్కా రాయికి ఆనించి నిప్పురవ్వలు చూడటమే పరీక్ష. కడ్డీ రవ్వలు పొడుగ్గా గీతల్లా పోయాయి, చివర చీలికలు పెద్దగా లేవు. కమాన్ పట్టీ రవ్వలు చివర కొమ్మలు కొమ్మలుగా విడిపోయాయి. పాత ఆకురాయిదైతే దీపావళే, కాకరపువ్వొత్తి వెలిగించినట్టు దగ్గరలోనే గుత్తులుగా పేలింది. కార్బన్ ఎంత ఎక్కువుంటే రవ్వ అంతగా పేలుతుంది. ఆకురాయిలో అది ఒక శాతం దాటుతుంది, కమాన్ ఉక్కులో అర శాతం పైచిలుకు. మరి ఆకురాయితోనే చేస్తే ఇంకా గట్టి కత్తి వస్తుంది కదా అన్నాను. "గట్టిదే, పొట్టు కొడితే పెచ్చులూడుతుంది. కమాను లారీ బరువు మోసి గుంటల్లో పడి లేచింది, దానికి దెబ్బ తినడం తెలుసు" అన్నారు. నేను చెప్పే పాఠంలో ఇది గట్టిదనం (గీత పడకపోవడం), దృఢత్వం (దెబ్బకి విరగకపోవడం) మధ్య తేడా. పిల్లలు ఏటా ఆ రెండూ కలిపేసి రాస్తారు.

లారీ పట్టీ నా చేతికి ఎక్కువని, చిన్న వ్యాను కమాన్ పట్టీ 7 మిల్లీమీటర్లది తనే తెచ్చారు. తెచ్చి వెంటనే కొలిమిలో పెట్టలేదు. కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, పైన పొడి సున్నం చల్లారు. ఓ పక్క సున్నం మీద వెంట్రుకంత తడి గీత తేలింది. పగులు! వాడి వాడి అలిసిపోయిన పట్టీలో కంటికి ఆనని పగుళ్ళుంటాయి, అందులోకి దిగిన నూనె సున్నంలోకి మళ్ళీ పైకొస్తుంది. ఆ మేరకి కోసి పారేశాం. నేను చూసిన పాతిక వీడియోల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

కొట్టడం గురించి పెద్దగా రాయను, అది రాస్తే వచ్చేది కాదు. బొప్పాయి పండు రంగులో ఉన్నంతసేపే కొట్టాలి, రంగు దిగి నల్లబడుతుంటే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డాక కొడితే లోపల చీలుతుంది, మరీ తెల్లగా కాలిస్తే రవ్వలు రాలుతూ ఉక్కే కాలిపోతుంది. అంచు వైపు కొట్టినకొద్దీ కత్తి అరటిపండులా వెన్ను వైపు వంగుతుంది, అందుకని ముందే దాన్ని అంచు వైపుకి కాస్త వంచుకుని మొదలుపెట్టాలి. పైన రేగే నల్లటి పొలుసుని తాతగారు చిట్టెం అంటారు, ప్రతిసారీ తుడవకపోతే దాన్నే కత్తిలోకి కొట్టేస్తాం, గుంటలు పడతాయి. నూలు బట్టలే వేసుకోండి, పాలియెస్టర్ చున్నీ మీద ఒక్క రవ్వ పడితే చర్మానికి అంటుకుంటుంది. కళ్ళద్దాలు తప్పనిసరి. ఇవన్నీ పాటించి కూడా నేను చెయ్యి కాల్చుకున్నాను, అదీ ఎర్రటి ఇనుముతో కాదు. నల్లబడింది కదా, చల్లారిపోయుంటుంది అని పట్టకారు లేకుండా తీశాను. నల్లగా కనిపిస్తూనే ఇనుము 400 డిగ్రీలు ఉంటుందని నాకు తెలుసు, లెక్కలు కూడా చేయించాను! రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి, వారం పాటు అన్నం చెంచాతో.

మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటూ, మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి వూట్జ్ అయిందంటారనీ, నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో చేసిన ఉక్కు ముద్దలు దేశాలు దాటి కత్తులయ్యాయనీ తాతగారికి ఉత్సాహంగా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి "ఆ ఉక్కు రావులపాలెంలో దొరకదు కదా, గాలి కొట్టు" అన్నారు.

అసలు కథ పదును పట్టించడంలో, అంటే కాల్చి ముంచి గట్టిపరచడంలో ఉంది. కొట్టినంతా కొట్టి, మూడుసార్లు కాల్చి వట్టి గాలికి చల్లార్చి, చివరిసారి బూడిదలో కప్పి రాత్రంతా వదిలేశాం, అప్పుడు మెత్తబడి ఆకురాయికి లొంగింది. అంచు మరీ పల్చగా చెయ్యొద్దు, రూపాయి బిళ్ళంత మందం ఉంచు అన్నారు. నేను వినలేదు. ఇంకోటి కూడా వినలేదు. సాయంత్రం దాకా ఆగమన్నారు, నేను మధ్యాహ్నం మూడింటికే, ఆయన రాకముందే, ఎండలో కాల్చి బకెట్ నీళ్ళలో నిలువునా ముంచేశాను. టిక్ మని చిన్న చప్పుడు. బల్లి అరిచిందేమో అనుకున్నాను. తీసి చూస్తే అంచు నుంచి వెన్ను దాకా పగులు. పది రోజుల పని.

తాతగారు వచ్చి చూసి తిట్టలేదు, అదే బాధగా అనిపించింది. "ఎండలో ఇనుము అబద్ధం చెప్తుంది అమ్మాయ్, ఎంత కాగిందో కనపడదు" అన్నారు. మరి మీరు నీళ్ళలోనే ముంచుతారు కదా అని వాదించాను. ఆయన ముంచేది అంచు మాత్రమే, అదీ క్షణం. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకి పాకుతుంటే, రుద్దిన చోట రంగులు ఒకదాని వెనక ఒకటి నడిచొస్తాయి. ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమరంగు, ఊదా, నీలం. కావలసిన రంగు అంచుకి చేరగానే మళ్ళీ ముంచి ఆపేస్తారు. గట్టిపరచడం, ఆ గట్టిదనాన్ని తగినంత దించడం రెండూ ఒకే కాలుపులో అయిపోతాయి. యాభై ఏళ్ళ చెయ్యి అది. నాకు సాధ్యం కాదని ఆయనకీ తెలుసు, అందుకే నూనె పట్టుకురమ్మన్నారు. నీళ్ళ కంటే నూనె నెమ్మదిగా చల్లారుస్తుంది, ఈ ఉక్కుకి అది చాలు. ఆయన వాడేది వాడేసిన ఇంజన్ ఆయిల్, ఆ పొగ మంచిది కాదని నేను పామాయిల్ డబ్బా తెచ్చాను.

రెండో కత్తి కొట్టడానికి ఆరు రోజులే పట్టింది. ఈసారి అంచు రూపాయి మందమే. మునిమాపు వేళ, పెరట్లో లైట్లన్నీ ఆర్పించి కూర్చున్నాం. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని తీగకి వేలాడగట్టాను. కత్తిని కొలిమిలో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, తీసి అయస్కాంతం దగ్గర పెడితే మొదట టప్ మని లాక్కుంది, మళ్ళీ కాల్చి పెడితే కొంచెం లాగింది, ఇంకోసారి కాల్చి పెడితే అసలు పట్టించుకోలేదు. బోర్డు మీద రాసిన 770 నా చేతిలో అలా జరుగుతుంటే నోట మాట రాలేదు. తాతగారు అయస్కాంతం వైపు చూడనే లేదు. "దొండపండు రంగొచ్చింది, ఇంకొంచెం" అన్నారు. పుస్తకాల లెక్క కూడా అదే, అయస్కాంతం వదిలేశాక ఇంకో యాభై డిగ్రీలు పైకి పోవాలి. దొండపండు దాటి బొప్పాయి రాకముందు "ఆఁ, దించు" అన్నారు.

ముందే కాస్త వేడిచేసిన నూనెలోకి మొన కిందికి పెట్టి దించాను. భగ్గున మంట లేచింది, రేకు మూత, ఇసుక బకెట్ పక్కనే ఉన్నాయి కాబట్టి ధైర్యం. ఆ మంట ఆరేలోగా పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "ఏం వేయిస్తున్నావే, కమ్మగా వాసనొస్తోంది?" అన్నారు. టిక్ మనే చప్పుడు కోసం అందరం చెవులు రిక్కించుకుని ఉన్నాం. రాలేదు. తుడిచి ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జర్రున జారిపోయింది.

ఆ స్థితిలో కత్తి చెయ్యి జారి కింద పడినా ముక్కలవ్వచ్చు. వెంటనే వంటింట్లో కేకుల ఓవెన్‌లో పెట్టాలి. 220 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారాక మళ్ళీ రెండు గంటలు. మా అత్తగారికి నూనె వాసన తెలియకూడదని కత్తిని మూడుసార్లు సబ్బుతో కడిగాను, అయినా తెలిసింది, ఆ ఓవెన్‌లో ఇంక ఏమీ చెయ్యొద్దన్నారు. బయటికి తీస్తే పుట్టతేనె రంగు. కాస్త గట్టిదనం పోయి కాస్త ఓర్పు వస్తుంది. కత్తి రవ్వంత ఎడమకి వంగింది, వేడి మీద ఉండగానే రెండు చెక్కల మధ్య బిగించి తిన్నగా చేశాం. పూర్తిగా తిన్నగా కాలేదు, తెలిసి చూస్తేనే కనిపిస్తుంది.

రాత్రి అలసిపోయి నూనె రాయకుండా పడుకున్నాను. తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు. మా ఉప్పుగాలికి అరక్షణం అశ్రద్ధ చేసినా తుప్పే. నూరడానికి గ్రైండర్ వాడితే అంచు నీలం తిరిగి పదును పోతుంది, అందుకని సానరాయి మీద నీళ్ళు పోసుకుంటూ రెండు సాయంత్రాలు. పిడికి పాత గుమ్మం టేకు చెక్క, కత్తి తోకని కాల్చి పిడి కన్నంలో దిగ్గొట్టి, సందుల్లో లక్క కరిగించి పోశారు తాతగారు. ఆ వాసన నాకు చాలా నచ్చింది, ఎందుకో.

మా చెట్టుకి ఆలస్యంగా పడ్డ కాయ ఒకటి ఇంకా లేతగానే ఉంది. నాన్నగారు గోనెపట్టా పరిచి, నూనె రాసుకుని కూర్చున్నారు. గాటు మీద గాటు, పాలు కారుతుంటే మధ్యమధ్యలో కత్తి తుడుచుకుంటూ, ముప్పావుగంటలో కాయంతా పొట్టు. నేను అంచుని గోటి మీద పెట్టి చూశాను, మడత లేదు. మొన దగ్గర మాత్రం నువ్వుగింజంత పెచ్చు లేచింది, అక్కడ పల్చగా ఉంది కాబట్టి కొలిమిలో ఎక్కువ కాగినట్టుంది. నాన్నగారు కత్తి అటూ ఇటూ తిప్పి "బరువు బాగుంది. పిడే లావు, నా చేతికి పట్టట్లేదు" అన్నారు. సాయంత్రం కూర్చుని పిడి అరగదీశాను.

ఆవ పెట్టిన కూర గిన్నెలో పోసుకుని తాతగారింటికి వెళ్ళి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మర్నాడు మా పెరట్లోకొచ్చి, నేను రెండ్రోజులు కొట్టి వంచలేకపోయిన ఆ లారీ పట్టీ ముక్కని కాలితో ఒకసారి తిప్పి చూసి, "ఇది నీకెందుకులే, రెండు గునపాలవుతాయి" అని సైకిల్ వెనక కట్టుకుని పోయారు.